థెరపిస్ట్ మంచావిడే, లైసెన్సూ ఉంది. కానీ నాకేం తగ్గలేదు. మార్చాలా?

తలుపుగొళ్ళెం:
నాకు ఓసీడీ, అంటే ఒకే అనుమానం పదేపదే వచ్చి చేసిందే మళ్ళీ మళ్ళీ చేయించే జబ్బు, ఉందని సైకియాట్రిస్ట్ చెప్పారు. మందు రాసి, దాంతో పాటు థెరపీ కూడా చేయించుకోమన్నారు. లైసెన్స్ ఉన్నవాళ్ళ కోసమే వెతికి ఒకావిడని పట్టుకున్నాను. రిజిస్టర్లో పేరు, నంబరు చూసుకున్నాను, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కొన్ని నెలలుగా వెళ్తున్నాను. చాలా ఓపిగ్గా వింటారు. చిన్నప్పటి సంగతులు అడుగుతారు. నేను భయపడినప్పుడల్లా "మీరు అలాంటి మనిషి కాదు, ఏమీ జరగదు" అని ధైర్యం చెప్తారు. బయటికి వచ్చాక ఆ రోజంతా తేలిగ్గా ఉంటుంది.

మర్నాటికి మళ్ళీ మామూలే. గ్యాస్ ఆపానా, తలుపు వేశానా, దారిలో ఎవరినైనా బండితో గుద్దేశానేమో అని వెనక్కి వెళ్ళి చూసుకోవడం. తగ్గకపోగా కాస్త పెరిగింది. మా ఆయన "ఆవిడ దగ్గర హాయిగా ఉందన్నావుగా, ఇంకేం కావాలి" అంటారు. చెల్లెలేమో మార్చేయమంటుంది. మీరైతే ఏం చేస్తారు?

గట్టుమనిషి:
మార్చకండి. లైసెన్స్ ఉన్న మనిషి, అదీ ఓపిగ్గా వినే మనిషి దొరకడం ఎంత కష్టమో మీకింకా తెలిసినట్టు లేదు.

నా సంగతి చెప్తాను. తెలిసినవాళ్ళు బాగుంటాడన్నారని ఒక 'లైఫ్ కోచ్' దగ్గరికి వెళ్ళాను. గోడ నిండా సర్టిఫికెట్లు. మాట తేనె. నేను నమ్మి చెప్పుకున్న విషయాన్ని, పేరు తీసేశానుకుంటూ, నలుగురున్న వర్క్‌షాప్‌లో ఉదాహరణగా వాడుకున్నాడు. ఆ నలుగురిలో ఇద్దరికి నేను తెలుసు. ఎక్కడ ఫిర్యాదు చేయాలని అడిగితే ఎక్కడా లేదన్నారు, ఎందుకంటే అతను ఎవరి దగ్గరా రిజిస్టర్ అయి లేడు. కోచ్ అనే బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. అంతెందుకు, బ్రిటన్‌లో 'కౌన్సెలర్', 'సైకోథెరపిస్ట్' అనే పేర్లకి కూడా చట్టరక్షణ లేదు. 'క్లినికల్ సైకాలజిస్ట్' అనే పేరుకి ఉంది. బోర్డు మీద ఏం రాసుకున్నారన్నది కాదు, ఏ రిజిస్టర్లో ఉన్నారన్నదే చూడాలి. మీకు ఆ రక్షణ ఉంది. దాన్ని వదులుకుని మళ్ళీ వెతుకులాటలో పడకండి.

చినుకు:
లైసెన్స్ ఉంటే చాలా అండీ? నాకు దొరికినాయనకి ఉంది. గోడ మీద ఫ్రేమ్ కట్టి మరీ ఉంది. సెషన్ మధ్యలో ఫోన్ చూసుకునేవాడు. ఒకసారి ఇంకెవరి సంగతో నాదనుకుని మాట్లాడాడు. ఏడిస్తే "ఈ వయసులో ఇవన్నీ మామూలే" అన్నాడు. ఇందులో ఏ లైసెన్స్ నియమం ఉల్లంఘించాడని ఫిర్యాదు చేయను? లైసెన్స్ చెప్పేది ఒకటే, ఇతను చదివాడు, పరీక్ష పాసయ్యాడు, హద్దు దాటితే అడిగేవాళ్ళున్నారు అని. మీకు పనికొస్తాడని చెప్పదు. మనసు కలవాలి. పరిశోధనలన్నీ చెప్పేది అదే.

అర్ధరాత్రి:
చినుకు గారూ, ఆవిడకి థెరపిస్ట్‌తో మనసు కలిసిందనే కదా రాశారు. ప్రశ్న మొత్తం చదివారా?

చినుకు:
చదివాను. గట్టుమనిషి గారి మాటకి జవాబిస్తున్నాను.

గట్టుమనిషి:
'పరిశోధనలన్నీ' అంటే ఏవమ్మా? 2018లో ఫ్లూకిగర్ బృందం 295 అధ్యయనాలు కలిపి లెక్కగట్టింది. థెరపిస్ట్‌కీ క్లయింట్‌కీ మధ్య ఉండే బంధానికీ ఫలితానికీ సంబంధం, పూర్తిగా ఉంటే 1 అనుకుంటే, 0.278. దాన్ని వర్గం చేస్తే, ఫలితాల్లో కనిపించే తేడాలో ఈ బంధం వాటా సుమారు 8 శాతం. మిగతా 92 శాతం మాటేమిటి? మనసు కలిస్తే జబ్బు తగ్గిపోతుందని ఎవరూ అనలేదు.

చినుకు:
ఆ 92 శాతం లైసెన్స్‌దని కూడా ఎవరూ అనలేదు. అందులో ఎక్కువ భాగం మన జబ్బు తీవ్రత, మన జీవితం, చుట్టూ ఉన్న మనుషులు. థెరపీ గదిలో జరిగేవాటిలో ఇంతమంది ఇన్నిసార్లు కొలిచి, ప్రతిసారీ కనిపించిన వాటిలో ఈ బంధం ముందుంటుంది.

గట్టుమనిషి:
8 శాతమే.

చినుకు:
8 శాతం చిన్నదా? మీ లైసెన్స్‌ది ఎంత శాతమో కాస్త చెప్పండి మరి.

అర్ధరాత్రి:
ఆవిడ తలుపు గురించి అడిగితే మీరిద్దరూ లెక్కల క్లాసు పెట్టారు.

పక్కవరస:
నేను ఈ రంగంలోనే పనిచేస్తాను. మీ థెరపిస్ట్‌ని చూడలేదు కాబట్టి ఆవిడ గురించి తీర్పు చెప్పను. మీరు రాసినదాంట్లో ఒక్క వాక్యం మాత్రం నన్ను ఆపింది. "ఏమీ జరగదు అని ధైర్యం చెప్తారు." ఓసీడీలో ఇది మంచి ఉద్దేశంతోనే జరిగే హాని. అనుమానం వస్తుంది, ఎవరో ఒకరు 'ఏం కాదు' అంటారు, టెన్షన్ దిగుతుంది. ఆ దిగడమే మెదడుకి బహుమానం. మళ్ళీ అనుమానం వస్తే మళ్ళీ ధైర్యం అడగాలని అది నేర్చుకుంటుంది. వెనక్కి వెళ్ళి తలుపు చూసుకోవడమూ, ధైర్యం చెప్పించుకోవడమూ ఇక్కడ ఒకే పని చేస్తాయి. ఆ రోజంతా తేలిగ్గా ఉండి మర్నాటికి మొదటికి రావడం దీనికి సరిగ్గా సరిపోతుంది.

ఓసీడీకి ముందుగా వాడే పద్ధతి ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్, ఈఆర్‌పీ అంటాం. 1966లో విక్టర్ మేయర్ అనే ఆయన ప్రచురించిన కేసులతో మొదలైంది. భయపడే పరిస్థితిలోకి కొద్దికొద్దిగా వెళ్ళడం, వెళ్ళాక సరిచూసుకోకుండా, ఎవరినీ అడగకుండా ఆ టెన్షన్‌తో ఉండగలగడం. ఇంటి దగ్గర చేయాల్సిన పని తప్పకుండా ఉంటుంది. చాలామంది లైసెన్స్ ఉన్నవాళ్ళకి ఇందులో శిక్షణ ఉండదు. లైసెన్స్ అన్ని సమస్యలకీ కలిపి ఒకటే ఇస్తారు కానీ, మనిషి అన్నిట్లోనూ ఆరితేరి ఉండడు.

తలుపుగొళ్ళెం గారూ, రెండు ప్రశ్నలు. ఇంటి దగ్గర చేయమని ఎప్పుడైనా ఏమైనా ఇచ్చారా? తగ్గిందో లేదో ఏదైనా స్కేలుతో కొలిచారా? ఓసీడీ ఎంత తీవ్రంగా ఉందో కొలవడానికి వై-బాక్స్ అని 10 ప్రశ్నల స్కేలు ఉంటుంది, మొత్తం 40కి వేస్తారు, ఎంత ఎక్కువొస్తే జబ్బు అంత ఎక్కువని.

తలుపుగొళ్ళెం:
ఏదీ ఇవ్వలేదు. స్కేలు అనే మాట మీ దగ్గరే వింటున్నాను. ప్రతిసారీ "ఈ వారం ఎలా ఉంది" అని అడుగుతారు, నేను చెప్తాను, గంట అయిపోతుంది.

గట్టుమనిషి:
పక్కవరస గారూ, మీరు చెప్పినది బాగానే ఉంది కానీ ఇప్పుడు ఈవిడ వెళ్ళి "మీరు చేసేది తప్పట" అని థెరపిస్ట్‌తో అనాలా? డాక్టర్‌కి మనం వైద్యం నేర్పుతామా? ఇంటర్నెట్‌లో నాలుగు ముక్కలు చదివి, నచ్చకపోతే మార్చెయ్, ఇంకోటి చదివి ఇంకొకళ్ళ దగ్గరికి వెళ్ళు. ఇదే జరుగుతోంది. జబ్బులో ఉన్న మనిషికి ఏది తనకి మంచిదో ఎలా తెలుస్తుంది? తెలిస్తే థెరపీ ఎందుకు?

చినుకు:
వచ్చేసింది అసలు మాట. జబ్బు మనిషి నోరు మూసుకుని కూర్చోవాలి. ఇంతసేపూ లైసెన్స్, శాతాలు అంటూ చుట్టూ తిరిగింది దీనికే. మీలాంటివాళ్ళ మాట వినే నేను ఆ ఫోన్ చూసుకునే పెద్దమనిషి దగ్గర ఏళ్ళ తరబడి కూర్చున్నాను. నచ్చట్లేదంటే "అది నీ జబ్బు మాట్లాడుతోంది" అనేవారు ఇంట్లో. అతనూ అదే అన్నాడు. నాకు నొప్పిగా ఉందన్నా అది నా జబ్బు ఖాతాలోకే వెళ్ళేది. ఇక నేనేం చెప్పి బయటపడాలి?

గట్టుమనిషి:
నోరు మూసుకోమని నేనెక్కడ అన్నాను? చూపించండి ఆ లైను.

చినుకు:
"ఎలా తెలుస్తుంది" అన్నది మీ లైనే.

నిర్వాహకుడు:
ఇద్దరూ కాస్త నెమ్మది. ఎవరి అనుభవాన్నీ వెటకారం చేయొద్దు.

గట్టుమనిషి:
సరే, అడిగారు కాబట్టి చెప్తాను. మా తమ్ముడికి తాగుడు. మంచి మంచి థెరపిస్టుల దగ్గరికి తీసుకెళ్ళాం. మొదట్లో అందరూ నచ్చేవారు. ఎవరైనా "ఈ వారం ఎంత తాగావు" అని సూటిగా అడగడం మొదలుపెట్టగానే "ఈయన నాకు సెట్ అవ్వట్లేదన్నా" అనేవాడు. మేం నమ్మేవాళ్ళం, మార్చేవాళ్ళం. కొత్తాయనకి మళ్ళీ మొదటి నుంచి కథ చెప్పడం, మళ్ళీ ఆ ప్రశ్న దగ్గరికి రాగానే మార్చడం. 'మనసు కలవాలి' అనే మాట వాడికి తప్పించుకునే తలుపు అయిపోయింది. ఇప్పుడు ఎవరి దగ్గరికీ వెళ్ళడం లేదు. అందుకే ఎవరైనా 'మార్చాలా' అంటే నాకు ముందు వాడే గుర్తొస్తాడు. దీనికి మీ 295 అధ్యయనాలు ఏం జవాబు చెప్తాయి?

అర్ధరాత్రి:
ఆ 295 తెచ్చింది మీరే అన్నా.

చినుకు:
మీ తమ్ముడి సంగతి విని బాధగా ఉంది. అయినా వాదన అలాగే ఉంది. ఆయన విషయంలో నిజమైనది అందరికీ ఎలా వర్తిస్తుంది? పైగా బాగవుతున్నామా లేదా అన్నది థెరపిస్టులకి మాత్రం తెలుస్తుందా? 2005లో లాంబర్ట్ బృందం ఒక అధ్యయనం చేసింది. 550 మంది క్లయింట్లలో ఎవరి పరిస్థితి దిగజారుతుందో చెప్పమని థెరపిస్టుల్నే అడిగారు. వాళ్ళు 3 పేర్లు చెప్పారు. నిజంగా దిగజారినవాళ్ళు 40 మంది. చదువుకున్నవాళ్ళకే కనిపించనిది, లోపల పడుతున్న మనిషి చెప్తే జబ్బు మాట అంటారా?

గట్టుమనిషి:
లోపల పడుతున్న మనిషికే కనిపిస్తుందని ఆ అధ్యయనం అనలేదు కదా. అంచనాలు నమ్మొద్దు, కొలవండి అని చెప్పింది.

పక్కవరస:
ఈ ఒక్క మాట దగ్గర గట్టుమనిషి గారితో నేను. మాటల్లో తేలని తగువు ఇది. నచ్చడం, నచ్చకపోవడం రెండూ మోసం చేయగలవు. తమ్ముడిగారి విషయంలో నచ్చకపోవడం మోసం చేసింది. ఈవిడ విషయంలో నచ్చడం మోసం చేస్తున్నట్టుంది. 1979లో బోర్డిన్ ఈ బంధాన్ని మూడు భాగాలుగా చెప్పాడు. ఎక్కడికి వెళ్ళాలనే లక్ష్యం మీద ఒప్పందం, దానికి ఏం పని చేయాలనే దాని మీద ఒప్పందం, మనుషుల మధ్య నమ్మకం. మనం మూడోదాన్నే పట్టుకుని 'సెట్ అయ్యారు' అంటాం. తలుపుగొళ్ళెం గారికి మూడోది నిండుగా ఉంది. మొదటి రెండూ ఎప్పుడూ మాట్లాడుకున్నట్టు లేదు.

అందుకని నేనైతే మార్చేముందు అడుగుతాను. గొడవలాగా కాదు. "నా ఓసీడీకి మన పద్ధతి ఏమిటి? ఈఆర్‌పీలో మీకు శిక్షణ ఉందా? ఎప్పటికల్లా ఏం తగ్గాలి? తగ్గకపోతే ఏం చేద్దాం?" మంచి థెరపిస్ట్ ఈ ప్రశ్నలకి చిన్నబుచ్చుకోరు. "అది మీ జబ్బు మాట" అని కొట్టిపారేస్తే అదే మీకు జవాబు. చినుకు గారి పెద్దమనిషి దగ్గర జరిగింది అదే.

చినుకు:
అడిగే ధైర్యం ఉన్నవాళ్ళకి ఇది బాగుంది. నాకు అప్పట్లో లేదు. లేనివాళ్ళు చెప్పకుండా మానేసినా తప్పు లేదని కూడా రాయండి.

పక్కవరస:
తప్పు లేదు. ఒక మెసేజ్ పెట్టి ఆపేయొచ్చు. కారణం చెప్పాల్సిన బాధ్యత క్లయింట్‌కి లేదు. కాకపోతే మందు వాడుతుంటే మాత్రం థెరపీ మానేశాం కదా అని దాన్ని సొంతంగా ఆపొద్దు, అది సైకియాట్రిస్ట్‌తో తేల్చుకోవాల్సిన విషయం.

తలుపుగొళ్ళెం:
అడిగాను. అడిగేముందు రాత్రంతా నిద్ర లేదు. ఆవిడ కాసేపు ఆలోచించి, ఓసీడీలో తను ప్రత్యేకంగా శిక్షణ తీసుకోలేదని, మాట్లాడుకుంటే భయం తగ్గుతుందనుకున్నానని చెప్పారు. ఈఆర్‌పీ చేసేవాళ్ళ పేర్లు ఇచ్చారు. కావాలంటే నా ఫైలు సారాంశం, నా అనుమతితో, వాళ్ళకి పంపుతానన్నారు. ఇంత మంచావిడని వదలాలంటే ఇప్పుడు ఇంకా కష్టంగా ఉంది.

గట్టుమనిషి:
చూశారా, లైసెన్స్ ఉన్నావిడ కాబట్టే అలా చెప్పారు. తన పరిధి దాటకూడదని వాళ్ళకి నియమం ఉంటుంది. నా కోచ్ అయితే "నా దగ్గర అన్నిటికీ మందుంది" అనేవాడు.

చినుకు:
ఈవిడ నోరు తెరిచి అడిగారు కాబట్టి చెప్పారు. అన్ని నెలలూ ఆ నియమం ఎక్కడుందో?

అర్ధరాత్రి:
మళ్ళీ మొదలు.

తలుపుగొళ్ళెం:
కొత్తావిడ దగ్గరికి మొదటిసారి వెళ్ళొచ్చాను. రిజిస్టర్ చూసుకునే వెళ్ళాను గట్టుమనిషి గారూ. అస్సలు నచ్చలేదు. పొడిగా మాట్లాడతారు. నేను "ఎవరినీ గుద్దలేదు కదా, మీరేమంటారు" అని అడిగితే "ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పను, ఎందుకో వివరిస్తాను" అన్నారు. నా భయాలన్నీ చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసగా రాయించారు. వారం రోజులు తలుపు ఒక్కసారే వేసి, లాగి చూడకుండా వెళ్ళిపోవాలట. వై-బాక్స్ కూడా వేశారు, 26 వచ్చింది.

చినుకు:
నచ్చకపోతే చేయనక్కర్లేదండీ. వారం చాలా ఎక్కువనిపిస్తే ఇంకా చిన్నదానితో మొదలుపెడదామని అడగండి. ఏ మెట్టు ఎప్పుడన్నది మీరిద్దరూ కలిసి తేల్చుకోవాల్సింది.

గట్టుమనిషి:
నచ్చకపోయినా చేయండి.

తలుపుగొళ్ళెం:
వారం ఎక్కువే అనిపించింది. రెండు రోజులకి ఒప్పించాను. నిన్న లాగి చూడకుండా వెళ్ళాను, ఆఫీసులో మధ్యాహ్నం దాకా ఒక్క పనీ చేయలేకపోయాను, ఆవిడ మీద చెప్పలేనంత కోపం వచ్చింది. సాయంత్రం 26 మళ్ళీ ఎప్పుడు కొలుస్తారని మెసేజ్ పెట్టాను. నెలకోసారట.