అప్‌డేట్: ఎలక్ట్రిక్ మినీ ట్రక్ రాత్రిపూట చార్జింగ్ ఆగిపోయే సమస్య తీరింది

భీమవరం దగ్గర రొయ్యల మేత తోలే మా బండి ఇంట్లో చార్జింగ్ పెట్టిన అరగంటకే ఆగిపోతోందని పోయిన నెల అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ థాంక్స్.

తప్పు ఎర్తింగ్‌ది, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపే ఏర్పాటుది. అది సరిగా లేకపోతే చార్జర్ తనంతట తానే ఆగిపోవచ్చు. "బండిని వేరే ఊళ్లో పెట్టి చూడన్నా" అన్న సలహాతోనే దారి దొరికింది. తాడేపల్లిగూడెంలో బావగారింట్లో అదే చార్జర్‌తో తెల్లారేసరికి ఫుల్ అయింది. అంటే బ్యాటరీ, చార్జర్ రెండూ బాగున్నట్టే.

ఎలక్ట్రీషియన్ మీటరు పెడితే ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 212 వోల్టులు వచ్చాయి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మాత్రం 60 దాటింది. అక్కడ రెండు మూడుకు మించకూడదట. ఎర్తింగ్ గొయ్యి తవ్వి చూస్తే జీఐ పట్టీ (జింకు పూత పూసిన ఇనుప పట్టీ), దాన్ని బిగించే క్లాంపు దగ్గర తుప్పు తినేసి, పోగులా వేలాడుతోంది. చుట్టూ ఉప్పునీటి చెరువులు కదా, మా నేలలో ఇనుము నిలవదు. రాగిపూత రాడ్ దింపి, క్లాంపు పైకి కనబడేలా చాంబర్ కట్టించాం. మూడు వారాలైంది, ఒక్కసారీ ఆగలేదు.

రాత్రి ఏరేటర్ల (చెరువు నీళ్లలోకి గాలి కలిపే మోటార్ల) లోడు వల్ల వోల్టేజ్ పడిపోతోందని కొందరు అన్నారు, కానీ మా విషయంలో కారణం అది కాదు. స్టెబిలైజర్ కొని ఉంటే డబ్బులు దండగయ్యేవి.

ప్లగ్గులో ఎర్త్ పిన్ (మూడో లావు పిన్) తీసేసి చార్జింగ్ పెట్టమని ఒకరు చెప్పారు. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. లీకేజీ ఉంటే బండి బాడీకే కరెంటు వస్తుంది. మా పిల్లలు రోజూ ఆ బండి పక్కనే ఆడతారు.