ఎంఎస్ ఉంది, బ్యాలన్స్ ఎక్సర్‌సైజులు మొదలెట్టాక తల తిరగడం ఇంకా ఎక్కువైంది, ఆపేయాలా?

ఎండంటే_భయం (విజయవాడ)

నమస్తే అండి అందరికీ. మాది పటమట. నాకు 36 ఏళ్ళు, ఎంఎస్ అని తేలి ఆరేళ్ళయింది, మల్టిపుల్ స్క్లెరోసిస్ అండి, మెదడు, వెన్నుపాముల్లో నరాల పైపొర దెబ్బతినే జబ్బు, ఈ మాట చెప్తే మా చుట్టాల్లో సగం మంది నరాల వీక్‌నెస్సా అయితే బి కాంప్లెక్స్ వేసుకో అంటారు, చెప్పడం మానేశా. ఇంజెక్షన్లు వాడుతున్నా, రెండేళ్ళుగా కొత్త అటాక్ ఏం లేదు. కానీ ఎంఆర్ఐలో బ్రెయిన్ స్టెమ్ దగ్గర, అంటే మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే చోట, పాత మచ్చ ఒకటుంది, దానివల్లే ఈ తల తిరగడం అన్నారు.

నాది గిర్రున తిరగడం కాదు. పడవలో నిలబడ్డట్టు ఉంటుంది, కింద నేల మెత్తగా ఉన్నట్టు. తల గబుక్కున తిప్పితే చూపు వెనకాల ఉండిపోయి తర్వాత వస్తుంది, ఎలా చెప్పాలో తెలీట్లేదు. పోయిన నెల రైతుబజార్లో ఎవరో వెనక నుంచి పిలిస్తే తిరిగా, అంతే, పోయి టమాటాల గుట్ట మీద చెయ్యి పెట్టేశా, నాలుగు కేజీలు కింద దొర్లాయి. ఆ అమ్మే ఆవిడ పాపం మంచిది, "ఏం తినకుండా వచ్చావామ్మా" అని అరటిపండు చేతిలో పెట్టింది. పక్కనున్న మగాళ్ళు చూసిన చూపు మాత్రం ఇంకోలా ఉంది, అర్థమైంది కదా.

ఇంతకుముందు ఒక సెంటర్‌లో మెడ ఎముకలు అరిగాయని 12 రోజులు మెడకి కరెంటు పెట్టారు, డబ్బులు పోయాయి తప్ప ఏం లేదు. ఇప్పుడు వేరే ఫిజియో దగ్గర అసలు టెస్టులు చేసి ఎక్సర్‌సైజులు రాసిచ్చారు. చెయ్యి చాపి బొటనవేలి మీద చూపు పెట్టి తల అటూ ఇటూ తిప్పడం, కాళ్ళు దగ్గరగా పెట్టి కళ్ళు మూసుకుని నిలబడటం, దిండు మీద నిలబడటం, మడమ వేలికి ఆనిస్తూ గీత మీద నడవడం. వినడానికి చిన్నపిల్లల ఆటల్లా ఉన్నాయి. కానీ నాలుగో రోజు నుంచి చేశాక సాయంత్రం దాకా వాంతొచ్చేట్టు ఉంటోంది, కళ్ళు మసక, కాళ్ళు బరువు. మా అమ్మేమో "తిరుగుతోందని వెళ్తే ఇంకా తిప్పుకోమనడం ఏంటే, మానెయ్" అంటోంది. మా ఆయన నీ ఇష్టం అంటారు, అది ఇంకా చిరాకు.

ఒంటిపూట బడులు కదా, పిల్లలు వచ్చేలోపు అయిపోవాలని 11 గంటలకి హాల్లో మొత్తం ఒకేసారి 40 నిమిషాలు చేసేస్తున్నా. తల తిరగడానికి మాత్ర కూడా రోజుకి మూడు, ఎనిమిది నెలల నుంచి వేసుకుంటున్నా. ఆపేయాలా, పళ్ళ బిగువున చేయాలా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి ప్లీజ్.

---

బ్రాడీపేట_4వ_లైను (గుంటూరు)

అక్కా మా నాన్న గారికి పార్కిన్సన్స్, ఎంఎస్ కాదు, కాబట్టి ఎక్సర్‌సైజుల సంగతి చెప్పలేను. కానీ ఒక్కటి చెప్తా, బీపీ పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకసారి చూశారా? మా ఇంట్లో ఆర్నెల్లు ఎవరూ చూళ్ళేదు. ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా కుర్చీలో కూచోబెట్టి చూడటం, నార్మల్ అనడం. ఆయన రాత్రిళ్ళు బాత్రూంకి లేచి రెండుసార్లు పడ్డారు, రెండోసారి గుమ్మానికి కొట్టుకుని నుదుటి మీద ఏడు కుట్లు. అప్పుడు న్యూరో డాక్టర్ పడుకోబెట్టి చూస్తే పైది 140, లేచి మూడు నిమిషాలు నిలబడ్డాక 104. పైది 20 గానీ కిందది 10 గానీ పడిపోతే లెక్క అంట, ఈయనకి ఏకంగా 36 పడింది. ఈ జబ్బు వల్ల కూడా అలా పడిపోతుందంట, పైగా పాత బీపీ మాత్ర వేస్తూనే ఉన్నాం మేము, శుద్ధ దండగ. అది మార్చాక, మంచం దిగే ముందు కాళ్ళు వేలాడేసి రెండు నిమిషాలు కూర్చోవడం అలవాటు చేశాక పడటం చాలా తగ్గింది.

మీది లేచినప్పుడు వచ్చేదా, తల తిప్పితే వచ్చేదా చూసుకోండి. ఇంట్లో మిషన్ ఉంటే ఖర్చు కూడా లేదు.

---

శొంఠి_కాఫీ

మెడ దగ్గర నరం పట్టేసి ఉంటుందండి. మా ఊళ్ళో ఒకాయన మెడ తిప్పి ఒక్క విరుపు విరుస్తాడు, దెబ్బకి పోతుంది. కావాలంటే అడ్రస్ చెప్తా.

---

నడక_మాస్టారు (గుంటూరు, ఫిజియోథెరపిస్ట్)

శొంఠి కాఫీ గారూ, దయచేసి ఆ అడ్రస్ మీ దగ్గరే ఉంచుకోండి. ఎంఎస్ ఉన్న మనిషి మెడ విరిపించకూడదు, ఆ మాటకొస్తే ఎవరి మెడా విరిపించకూడదు.

మేడం, నేను చూడకుండా చెప్తున్నా కాబట్టి మీ ఫిజియో మాటే ఫైనల్. కానీ మీరు రాసింది చదివితే ఎక్సర్‌సైజుల్లో తప్పు కనపళ్ళేదు, చేస్తున్న టైము, చేస్తున్న మోతాదు రెండూ తప్పు. మనిషి నిలబడాలంటే మూడు చోట్ల నుంచి కబుర్లు రావాలి, కళ్ళు, లోపలి చెవి, అరికాళ్ళు. ఆ మూడింటినీ కలిపి చూసుకునే ఆఫీసు బ్రెయిన్ స్టెమ్, చిన్న మెదడు దగ్గర ఉంది. మామూలుగా చెవి పాడైతే ఆఫీసు బానే ఉంటుంది కాబట్టి ఐదారు వారాల్లో సర్దుకుంటుంది. మీకు దెబ్బ తగిలింది ఆఫీసులోనే. అందుకే మీకు ఫలితం నిదానంగా వస్తుంది, పూర్తిగా రాకపోవచ్చు కూడా, కానీ వస్తుంది, నేను చూశాను.

తల తిప్పుతున్నప్పుడు తిరగాలి. ఏమీ తిరక్కపోతే ఆ ఎక్సర్‌సైజు దండగ. మెదడుకి తప్పు ఎక్కడుందో తెలిస్తే కదా దిద్దుకునేది. అయితే మేం చూసే కొలత ఏంటంటే ఆపి కూర్చున్నాక 15, 20 నిమిషాల్లో మామూలుకి రావాలి. మీకు సాయంత్రం దాకా ఉంటోంది అంటే డోసు నాలుగింతలైంది. 40 నిమిషాలు ఒకేసారి వద్దు. 30 సెకన్లు తల తిప్పండి, ఆగండి, దిమ్ము దిగేదాకా కూర్చోండి, మళ్ళీ 30 సెకన్లు. ఐదారు నిమిషాల చొప్పున రోజులో మూడు నాలుగు సార్లు. తల తిప్పే స్పీడు కూడా మీ బొటనవేలి మీద గీతలు స్పష్టంగా కనపడేంత వరకే, గీతలు అలుక్కుపోయాయంటే స్పీడు ఎక్కువైనట్టు.

ఇంకోటి, తల తిప్పేటప్పుడు మీ ఎదురుగా ఏముంది? హాల్లో అంటున్నారు కాబట్టి అడుగుతున్నా. చాలా ఇళ్ళల్లో గోడకి పెద్ద తెలుగు క్యాలెండర్ ఉంటుంది, రాహుకాలం వర్జ్యం ఎర్ర అంకెలు నల్ల అంకెలు అన్నీ కలిపి. బొటనవేలి వెనక అది కదుల్తుంటే ఎవరికైనా కడుపులో తిప్పుతుంది. మొదట్లో ఖాళీ తెల్లగోడ, దాని మీద కళ్ళ ఎత్తులో ఒక్క అక్షరం అంటించుకుంటే చాలు. క్యాలెండర్ అనేది నాలుగో క్లాసు, మీరింకా ఒకటో క్లాసు.

కళ్ళు మూసుకుని నిలబడేది, దిండు మీద నిలబడేది రెండు గోడలు కలిసే మూలలో చెయ్యండి, వీపు మూలకి, ముందు బరువైన కుర్చీ, దాని వీపు మీ చేతికందేలా. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, అది మీతోపాటే పడుతుంది. ఇంట్లో ఎవరో ఒకరు ఉన్నప్పుడే. దిండు మీద కళ్ళు మూసుకోవడం ఇప్పుడే వద్దు.

మాత్ర సంగతి. తల తిరగడం మాత్రల్లో చాలావరకు ఆ కబుర్లని మొద్దుబార్చేవే. అటాక్ వచ్చిన మొదటి రోజుల్లో మంచివే, కానీ నెలల తరబడి వేస్తే మెదడు నేర్చుకోనివ్వవు. ఒకపక్క ట్యూషన్ పెట్టించి ఇంకోపక్క నిద్రమాత్ర ఇచ్చినట్టు. అట్లాగని మీ అంతట మీరు ఆపకండి, ఆ చీటీ పట్టుకెళ్ళి మీ న్యూరాలజిస్టునే అడగండి ఇది ఇంకా కావాలా అని. బ్రాడీపేట తమ్ముడూ, మీ నాన్నగారికి కూడా ఒకసారి చూడండి, సినారిజిన్, ప్రోక్లోర్‌పెరజిన్ లాంటివి పార్కిన్సన్స్‌లో బిగుసుకుపోవడం, వణుకు పెంచుతాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు.

చివరగా, పడుకుని పక్కకి దొర్లినప్పుడు ఇల్లంతా గిర్రున తిరిగి నిమిషంలోపు ఆగిపోతుంటే అది వేరే, చెవిలో సన్నటి రాళ్ళు జారడం. ఎంఎస్ వాళ్ళకీ వస్తుంది, ఎంఎస్ ఉంది కదా అని అన్నీ దాని ఖాతాలో రాసేస్తే ఇది మిస్సవుతుంది. దానికి ఎప్లీ అని ఒక పద్ధతి, తలని వరసగా నాలుగు భంగిమల్లో తిప్పుతారు, చాలామందికి ఒకటి రెండు సార్లలోనే పోతుంది.

ఒకటి రెండుగా కనపడటం, మాట ముద్దవడం, మింగలేకపోవడం, ఒకవైపు చెయ్యి కాలు పడిపోవడం, ఇవి కొత్తగా వస్తే ఎక్సర్‌సైజు పక్కన పెట్టి వెంటనే హాస్పిటల్‌కి.

---

గుణదల_మెట్లు (విజయవాడ)

పద్నాలుగేళ్ళ ఎంఎస్ ఇక్కడ. మాస్టారు అంతా చెప్పారు కానీ అసలు విలన్‌ని వదిలేశారు. ఏప్రిల్‌లో, బెజవాడలో, పొద్దున 11 గంటలకి, ఏసీ లేని హాల్లో 40 నిమిషాలా? చెల్లీ, ఆరోగ్యంగా ఉన్నవాడే పడిపోతాడు.

ఒంట్లో వేడి కొంచెం పెరిగినా, అర డిగ్రీ చాలు, మచ్చపడిన నరంలో కరెంటు సరిగ్గా పారదు. పాత లక్షణాలన్నీ లేచి కూర్చుంటాయి, చూపు మసక, కాళ్ళు బరువు, తూలడం. నువ్వు రాసిన లిస్టే. 1890లో ఉఠాఫ్ అనే జర్మనీ కళ్ళ డాక్టర్ రాశాడు దీని గురించి, ఆయన పేరే పెట్టారు. ఎంఆర్ఐలు లేని రోజుల్లో అనుమానం ఉన్నవాళ్ళని వేణ్ణీళ్ళ తొట్లో కూర్చోబెట్టి చూసేవాళ్ళంట ఎంఎస్ ఉందా లేదా అని. మనకి తొట్టెందుకు, రోహిణి కార్తె చాలు. చల్లబడితే తగ్గిపోతుంది, కొత్త అటాక్ కాదు, కొత్త డ్యామేజ్ కాదు. కొత్త లక్షణం వచ్చి చల్లబడ్డా తగ్గకుండా 24 గంటలు దాటితే అప్పుడు ఫోన్ చెయ్యి డాక్టర్‌కి. జ్వరం, యూరిన్ ఇన్‌ఫెక్షన్ కూడా ఇదే నాటకం ఆడతాయి, అదీ చూపించుకో.

నేను పొద్దున ఐదున్నరకి చేస్తా, ముందు ఒక గ్లాసు ఐసు నీళ్ళు, మెడ చుట్టూ తడి తువాలు. ఏసీ ఉంటే ఆ గదిలోనే చెయ్యి, కరెంటు బిల్లు గురించి మీ ఆయన మాట్లాడితే నాకు చెప్పు.

ఇంకో విషయం ఎవరూ చెప్పరు. తలంటు. సబ్బు కళ్ళల్లో పడి కళ్ళు మూసుకున్నామా, అంతే, అరికాళ్ళు తిమ్మిరి కాబట్టి నేల ఎక్కడుందో తెలీదు, కళ్ళే దిక్కు, అవి మూసుకున్నాం. నేను ఒకసారి కొళాయి పట్టుకుని వేలాడా, కొళాయి చేతికొచ్చింది, నీళ్ళు పైకి చిమ్ముతున్నాయి, నేను కింద నురగలో కూర్చుని ఏడుస్తున్నా, ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. మర్నాడే స్టూలు వేయించా, గోడకి పట్టుకునే స్టీలు రాడ్ కొట్టించా. తువాలు స్టాండు కాదు, అది ఊడొస్తుంది, మనిషి బరువు ఆపేది. రాత్రి కరెంటు పోయినా ఇదే కథ, మంచం పక్కన టార్చి ఉండాలి. హవాయి చెప్పులు మానెయ్, వెనక పట్టీ ఉన్నవి వేసుకో.

కర్ర పట్టుకోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది సిగ్గుతో. బీసెంట్ రోడ్డులో పండగ ముందు ఆ జనం, ఆ రంగులు, అంతా కదుల్తుంటే నేనే కదుల్తున్నట్టుండేది. కర్ర పట్టుకున్నాక జనమే తప్పుకుంటున్నారు. వీక్‌గా ఉన్న కాలికి ఎదురు చేతిలో పట్టుకోవాలి, అదీ నాకు ఏడాది దాకా ఎవరూ చెప్పలేదు.

---

బ్రాడీపేట_4వ_లైను

మాస్టారూ థాంక్స్, చీటీ తీసి చూశా, అందులో సినారిజిన్ ఉంది. వేరే ఊళ్ళో పెళ్ళికెళ్ళినప్పుడు తల తిరుగుతోందంటే అక్కడి డాక్టర్ ఎవరో రాశారు, అప్పట్నుంచి నేనే కొంటున్నా. సోమవారం న్యూరో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా.

అన్నట్టు ఎండంటే భయం అక్కా, 2016 వికలాంగుల చట్టంలో 21 రకాల్లో ఎంఎస్, పార్కిన్సన్స్ రెండూ ఉన్నాయి. 40 శాతం గానీ ఆ పైన గానీ వస్తే సర్టిఫికెట్ పనికొస్తుంది, అప్లై చెయ్యండి. లైన్లో నిలబడటానికి మాత్రం మీ ఆయన్ని పంపండి.

---

ఎండంటే_భయం

మూడు వారాల తర్వాత రాస్తున్నా, లేటైంది సారీ. అందరికీ పేరుపేరునా థాంక్స్.

బీపీ పడుకుని నిలబడి చూశా, తేడా 6 మాత్రమే, సో అది కాదు. దొర్లితే కూడా తిరగట్లేదు. మాత్ర డాక్టర్ గారు ముందు రెండుకి, తర్వాత రాత్రి ఒక్కటికి తగ్గించారు, మొదటి నాలుగు రోజులు నరకం, ఐదో రోజు నుంచి బానే ఉంది. పొద్దున ఆరుకి పిల్లల గదిలో ఏసీ వేసుకుని ఆరు నిమిషాలు, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి. చేశాక పది నిమిషాల్లో దిగిపోతోంది. సాయంత్రం వాంతి ఫీలింగ్ పోయింది. మొన్న ఫిజియో గారు కుర్చీలోంచి లేపి మూడు మీటర్లు నడిచి తిరిగొచ్చి కూర్చోమని టైము చూశారు, మొదటిరోజు 17 సెకన్లు, ఇప్పుడు 13. తూలడం పోలేదు, మలుపు దగ్గర ఇంకా గోడ మీద చెయ్యేస్తున్నా.

అమ్మ గోడ మీద 'అ' అంటించి "మళ్ళీ అక్షరాభ్యాసమా" అంటోంది, కానీ కుర్చీ పట్టుకుని పక్కన నిలబడేది కూడా తనే.

గుణదల అక్కా, బాత్రూంలో రాడ్ కొట్టించాం. టైల్ ఒకటి పగిలింది, ఇంటి ఓనర్ గారికి ఇంకా చెప్పలేదు.

మాస్టారూ ఒక్క డౌటు, మా హాల్లో నిజంగానే క్యాలెండర్ ఉంది, మీకెలా తెలుసో. ఇప్పుడు దాని ముందు చెయ్యొచ్చా?

---

నడక_మాస్టారు

17 నుంచి 13 మంచి మార్కులే. కానీ ఇంకో రెండు వారాలు తెల్లగోడే. తర్వాత గళ్ళ దుప్పటి ఒకటి వేలాడదీసి దాని ముందు చేద్దురు గాని, అది దాటాక క్యాలెండర్. బీసెంట్ రోడ్డు ఆఖర్న, అదీ ఎండలు తగ్గాక, అమ్మగారిని వెంట తీసుకెళ్ళండి.