ఒప్పందాన్ని వీడనని డూబ్చెక్ చెప్పినా ట్యాంకులు ఎందుకు వచ్చాయి?

ప్రశ్న (శ్రీకాకుళం, ఎం.ఏ. విద్యార్థి):
బొబ్బిలిలోని మా తాతగారు కమ్యూనిస్టు పార్టీ సానుభూతిపరులు. 1968 నాటి చెకొస్లొవేకియా ప్రస్తావన వస్తే "అది ప్రతీఘాత విప్లవం, అణచక తప్పలేదు" అనేవారు. 1956లో హంగరీ, సోవియట్ నాయకత్వంలోని సైనిక కూటమి అయిన వార్సా ఒప్పందం నుంచి వైదొలగుతున్నట్టు ప్రకటించింది కనుక మాస్కో ఆగ్రహానికి కారణం తెలుస్తూనే ఉంది. కానీ సంస్కరణలు చేపట్టిన చెకొస్లొవేకియా కమ్యూనిస్టు పార్టీ నాయకుడు డూబ్చెక్ ఒప్పందంలోనే ఉంటామని పదేపదే హామీ ఇచ్చాడు. మరి ఆగస్టు 20 రాత్రి సోవియట్ యూనియన్, దాని మిత్రదేశాల సైన్యాలు ఎందుకు దిగాయి?

జవాబు (విజయనగరం, విశ్రాంత అధ్యాపకుడు):
బాబూ, హామీలను పక్కనపెట్టి తేదీలు చూడండి. జూన్‌లో పత్రికలపై సెన్సార్‌షిప్‌ను చట్టరీత్యా రద్దు చేశారు. సెప్టెంబరు 9న పార్టీ ప్రత్యేక మహాసభ జరగవలసి ఉంది. దానికి ఎన్నికైన ప్రతినిధుల్లో సంస్కరణవాదులదే పైచేయి కావడంతో, మాస్కోకు నమ్మకస్తులైనవారు కేంద్ర కమిటీలో చోటు కోల్పోవడం దాదాపు ఖాయమైంది. సైన్యాలు ఆలోపే వచ్చాయి. అయినా ప్రతినిధులు ఆగస్టు 22నే ప్రాగ్‌లోని వైసొచాని కర్మాగారంలో, కార్మికుల అండతో, రహస్యంగా మహాసభ జరిపారు. (కార్మికుల పార్టీ కార్మికుల రక్షణలో తన సైనిక మిత్రుల కంటపడకుండా సమావేశం కావలసి రావడం కంటే విచిత్రం ఏముంటుంది?) మాస్కోకు తరలించిన నాయకుల చేత ఆగస్టు 26న సంతకాలు చేయించిన పత్రం ఆ మహాసభ చెల్లదని తేల్చింది. ఆ నాయకుల్లో సంతకానికి నిరాకరించినవాడు క్రీగెల్ ఒక్కడే. మాస్కో అసలు భయం ఏమిటో ఆ పత్రమే చెబుతోంది.

జవాబు (పలాస):
మాస్టారి వాదన సరైనదే గాని, సైనిక లెక్కను ఆయన వదిలేశారు. తూర్పు జర్మనీ, పోలండ్, హంగరీలలో సోవియట్ సేనలు స్థిరంగా ఉండేవి; పశ్చిమ జర్మనీకి సరిహద్దైన చెకొస్లొవేకియాలో మాత్రం ఉండేవి కావు. 1968 అక్టోబరులో కుదిర్చిన ఒడంబడికతో ఆ లోటు తీరింది, ఆ సేనలు పూర్తిగా వెళ్ళిపోయింది 1991లోనే. కనుక ఒప్పందంలో ఉంటామన్న మాట మాస్కోకు ఎంతమాత్రం చాలలేదు.

జవాబు (సోంపేట):
తాతగారి వాక్యం అందరు కమ్యూనిస్టులదీ కాదండీ. మన శ్రీకాకుళం గిరిజన పోరాట నాయకులు ఆదర్శంగా చూసిన చైనా ఈ దాడిని ఘాటుగా ఖండించింది, అయితే డూబ్చెక్‌ను మెచ్చి కాదు, అతన్నీ రివిజనిస్టుగానే, అంటే అసలు మార్క్సిజం నుంచి పక్కకు తప్పినవాడిగానే చూసింది. భద్రతామండలిలో ఖండన తీర్మానంపై భారత్ ఓటింగుకు దూరంగా ఉండగా, ప్రభుత్వ వైఖరి నచ్చక కేంద్రమంత్రి అశోక్ మెహతా రాజీనామా చేశారు.