అత్తగారిని వదిలి జ్యూరీకి వెళ్లాలా? మినహాయింపు అడగడం తప్పా?

కృష్ణాతీరం (ఫ్రిస్కో, టెక్సస్)

అందరికీ నమస్కారం. పోయిన శనివారం నా పేరు మీద కౌంటీ కోర్టు నుంచి జ్యూరీ సమన్లు వచ్చాయి, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందంలో కూర్చోవడానికి రమ్మని పిలుపు. పౌరసత్వ ప్రమాణం చేసి ఇంకా ఏడాది నిండలేదు. ఏం చేయాలో తేల్చుకోలేక ఇక్కడ అడుగుతున్నాను.

మా అత్తగారికి 78 ఏళ్లు. మూడేళ్లుగా డిమెన్షియా. ఒకప్పుడు దుకాణంలో నాలుగు ఇంగ్లీషు మాటలు మాట్లాడేవారు, ఇప్పుడు తెలుగు తప్ప ఏదీ మిగల్లేదు. పగలంతా బాగానే ఉంటారు. సాయంత్రం నాలుగయ్యేసరికి చేతిసంచీ చంకన పెట్టుకుని, చెప్పులు వేసుకుని వీధి తలుపు దగ్గర నిలబడతారు. "బందరు బస్సు వెళ్లిపోతుందే, చీకటి పడకముందే ఇల్లు చేరాలి" అంటారు. ఇది అమెరికా అని చెబితే ఏడుస్తారు. "బస్సు ఇంకా రాలేదత్తయ్యా, ఈలోపు ఈ చిక్కుడుకాయలకు ఈనెలు తీసిపెట్టండి" అంటే కూర్చుంటారు. అరగంటలో బస్సు సంగతి మరిచిపోతారు. పోయిన ఏడాది ఒక సహాయకురాలిని రెండు రోజులు పెట్టి చూశాం. మంచి మనిషే. కానీ అర్థంకాని భాష వినేసరికి అత్తగారు హడలిపోయి గదిలోకి వెళ్లి గడియ వేసుకున్నారు. మా వారు వారానికి మూడు రోజులు ఇంటి నుంచే పనిచేస్తారు గానీ పొద్దున్నుంచీ మీటింగులే.

సమన్లతో పాటు మినహాయింపుల జాబితా ఉంది. తనను తాను చూసుకోలేని మనిషికి ప్రధాన సంరక్షకులు అన్న గడి నాకు అచ్చంగా సరిపోతుంది. టిక్కు పెట్టి సంతకం చేస్తే అయిపోతుంది. పెన్ను తీశాను, చేయి ఆడలేదు. పౌరసత్వ ఇంటర్వ్యూలో నన్ను అడిగిన ప్రశ్నల్లో ఒకటి: పౌరులకు మాత్రమే ఉండే బాధ్యత ఒకటి చెప్పండి. ఓటు వేయడం అని చెప్పినా సరిపోయేది. నా నోట "జ్యూరీలో కూర్చోవడం" అనే వచ్చింది. మొదటి పిలుపుకే తప్పుకోవడమా?

స్నేహితులను అడిగితే ముగ్గురు "ఇంగ్లీషు రాదని రాసెయ్యి, ఎవరూ పట్టించుకోరు" అన్నారు. ఈ దేశంలో పదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసినదాన్ని. ఆ అబద్ధం రాయను, దయచేసి ఆ సలహా ఇవ్వకండి. నిజమైన కారణం ఉన్నప్పుడు మినహాయింపు అడగడం తప్పా, కాదా? అదే నా ప్రశ్న.

పాత పౌరుడు (హ్యూస్టన్)

అమ్మా, తప్పని అనను. అయినా వెళ్లమనే చెబుతాను.

నేను రెండుసార్లు కూర్చున్నాను. రెండోసారి ఆరు రోజులు. మొదటి రోజు పొద్దున జడ్జి "ఎవరికైనా ఇబ్బందులున్నాయా?" అని అడగగానే మా వరుసలో సగం చేతులు లేచాయి. ఒకరికి పసిబిడ్డ, ఒకరికి దినకూలి, ఒకరికి ఆపరేషన్ తేదీ. అన్నీ నిజమే అయుంటాయి, నేను శంకించను. కానీ మధ్యాహ్నానికి మిగిలినవాళ్లను చూస్తే నాలాంటి రిటైరైనవాళ్లే ఎక్కువ. ముద్దాయి ఇరవై రెండేళ్ల కుర్రవాడు. ఆ ఈడు కొడుకున్న తల్లి మా పన్నెండు మందిలో ఒక్కరు లేరు.

ఒక సాక్షి వేరే దేశం నుంచి వచ్చిన ముసలాయన. లాయరు ప్రశ్న వేసినప్పుడల్లా తల దించుకునే జవాబు చెప్పాడు. తర్వాత లోపల గదిలో ఇద్దరు "కళ్లలోకి చూడలేదు, అబద్ధం చెబుతున్నాడు" అన్నారు. నేను లేచి చెప్పాను: మా ఊళ్లో పెద్దవాళ్ల ముందూ పోలీసుల ముందూ తల ఎత్తి మాట్లాడితేనే పొగరంటారు, తల దించుకోవడం మర్యాద అని. ఆ మాట చెప్పడానికి ఆ గదిలో ఒక మనిషి ఉండాలి కదమ్మా! నేను కూడా ఏదో సాకు చెప్పి ఇంటికి వెళ్లి ఉంటే ఎవరు చెప్పేవారు?

ఇంకో సంగతి. 1923లో ఈ దేశ సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ అనే భారతీయుడి కేసులో భారతీయులకు పౌరసత్వం పొందే అర్హతే లేదని తీర్పు చెప్పింది. అప్పటికే పౌరసత్వం వచ్చిన కొందరి దగ్గర తిరిగి లాక్కున్నారు కూడా. 1946లో చట్టం మారాకే మనవాళ్లకు తలుపు తెరుచుకుంది. అంతవరకూ జ్యూరీ గదిలో మనకు చోటే లేదు. మన దేశంలోనూ ఇప్పుడు జ్యూరీ లేదు. 1959లో బొంబాయిలో, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో, జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు, ఒక్కరు కాదన్నారు. హైకోర్టు దాన్ని పక్కనపెట్టి శిక్ష వేసింది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో జ్యూరీ ఊసే లేదు. కాబట్టి ఈ అనుభవం మన ఇళ్లలో తాతల నుంచి వచ్చింది కాదు. మనమే మొదలుపెట్టాలి.

ఎడిసన్ వాసి (న్యూజెర్సీ)

ఇంగ్లీషు రాదని రాసెయ్యమన్నారు చూశారా, ఆ మాట చదివి నాకు ఒళ్లు మండింది.

మా నాన్నగారికి నిజంగానే ఇంగ్లీషు రాదు. గ్రీన్‌కార్డుతో పదిహేనేళ్లు ఉన్న యాభై ఐదేళ్లు దాటినవాళ్లకు పౌరసత్వ పరీక్షలో ఇంగ్లీషు అవసరం లేదు, సొంత భాషలో జవాబులు చెప్పవచ్చు. ఆయన తెలుగు దుబాసీ పక్కన కూర్చోగా జవాబులు చెప్పి పౌరుడయ్యారు. తర్వాత జ్యూరీ కాగితం వచ్చింది. ఇక్కడ ఇంగ్లీషు చదివి అర్థం చేసుకోగలగాలన్నది అర్హత. ఆయనకు అది లేదు, అదే రాశాం, వదిలిపెట్టారు. ఆ రోజు ఆయన "పౌరుణ్ణి చేసుకున్నారు గానీ పనికి రానన్నారు" అని కాసేపు ముభావంగా ఉన్నారు. న్యూమెక్సికోలో అయితే ఇంగ్లీషు రాదని జ్యూరీ నుంచి తీసెయ్యకూడదని రాజ్యాంగంలోనే ఉంది, దుబాసీని పెట్టి కూర్చోబెడతారు.

ఆఫీసులో రోజంతా ఇంగ్లీషులో వాదించి, కోర్టు కాగితం మీద రాదని రాసేవాళ్లు మా నాన్నగారిలాంటి వాళ్ల మాటకు విలువ తీసేస్తున్నారు. రేపు నిజంగా రానివాళ్లు రాసినా గుమాస్తా అనుమానంగానే చూస్తాడు.

ఆస్టిన్ అక్షరం (ఆస్టిన్)

కృష్ణాతీరం అక్కా, నేను ఇక్కడ న్యాయశాస్త్రం చదువుతున్నాను. ముందు చట్టం: టెక్సస్‌లో సంరక్షకుల మినహాయింపు మీ హక్కు. పన్నెండేళ్లలోపు బిడ్డను చూసుకునేవారు ఎవరూ లేకపోతే అదీ కారణమే. 75 దాటినవాళ్లకూ ఉంది. సమన్లకు బదులివ్వకపోయినా, మినహాయింపు కోసం తెలిసి తెలిసి అబద్ధం రాసినా 100 నుంచి 1,000 డాలర్ల దాకా జరిమానా వేయవచ్చు. కాబట్టి నిజం రాసి తప్పుకునే దారి ఉండగా మీ స్నేహితుల సలహా అన్నివిధాలా చెడ్డది.

ఇప్పుడు నా బాధ చెబుతాను. ఒకప్పుడు ఫ్లోరిడాలో భర్తను చంపిన కేసులో ఒక స్త్రీని విచారించిన జ్యూరీలో అందరూ మగవాళ్లే. స్త్రీలు తమంతట తాము పేరు రాయించుకుంటే తప్ప అక్కడ పిలిచేవారు కాదు. 1961లో సుప్రీంకోర్టు అది సబబేనంది. స్త్రీ ఇంటికీ కుటుంబానికీ కేంద్రం, ఆమెను ఇంట్లో ఉండనివ్వాలని ఆ తీర్పు సారాంశం. 1975లో లూసియానా కేసులో ఈ పద్ధతి చెల్లదన్నారు. 1979లో మిస్సోరి కేసు వచ్చింది. అక్కడ స్త్రీ అయితే చాలు, అడిగితే వదిలేసేవారు. జనాభాలో 54 శాతం స్త్రీలు, జ్యూరీ ఎంపికకు వచ్చిన బృందాల్లో 15 శాతం కూడా లేరు. తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ అప్పటికి లాయరు, ఆ కేసులో వాదించారు. ఆ వెసులుబాటునూ కోర్టు కొట్టేసింది.

ఇప్పటి చట్టంలో స్త్రీ అన్న మాట లేదు, సంరక్షకులు అని ఉంది. మంచిదే. కానీ మన ఇళ్లలో ఆ గడిలో టిక్కు పెట్టేది ఎవరు? మీ వారు మూడు రోజులు ఇంట్లోనే ఉంటారని మీరే రాశారు. అదే కాగితం ఆయన పేరు మీద వస్తే మినహాయింపుల జాబితా తిప్పి చూసేవారా? ఆయన మీటింగు ఒక రోజు ఆపవచ్చా అన్న ప్రశ్న మీ ఇంట్లో ఎవరైనా వేశారా? మీరైనా వేశారా?

రెండో షిఫ్టు (డల్లాస్)

మీరంతా పెద్ద చదువుల వాళ్లు. నేను పెట్రోలు బంకులో గంట జీతానికి పనిచేస్తాను, గంటకు 14 డాలర్లు. 2023లో పెంచాక టెక్సస్‌లో జ్యూరీకి మొదటి రోజు 20 డాలర్లు, రెండో రోజు నుంచి 58. ఎనిమిది గంటల జీతం 112. లెక్క మీరే వేసుకోండి. జ్యూరీకి వెళ్లారని ఉద్యోగం తీసెయ్యకూడదు, అది చట్టం. జీతం ఇవ్వాలని మాత్రం టెక్సస్ చట్టంలో లేదు.

నాలాంటివాడికి కాగితం మీద గడి లేదు. డబ్బు ఇబ్బంది అంటే జడ్జి ఒక్కరే పంపేయడానికి లేదు, రెండు పక్షాలవాళ్లూ ఎదురుగా ఉండి ఒప్పుకోవాలి. నేను లేచి నిలబడి, ఇంతమంది ముందు "ఈ వారం పని పోతే అద్దె కట్టలేను" అని చెప్పుకోవలసి వచ్చింది. ఒప్పుకుని పంపేశారు. బయటికి వచ్చి కారులో చాలాసేపు కూర్చున్నాను. నాకు వెళ్లాలనే ఉంది, పాత పౌరుడుగారూ. శాన్‌ఫ్రాన్సిస్కోలో తక్కువ సంపాదన వాళ్లకు రోజుకు 100 డాలర్లు ఇచ్చే ప్రయోగం 2022లో మొదలుపెట్టారని విన్నాను. ఆ పద్ధతి ఇక్కడ ఉంటే మీ పక్క కుర్చీలో నేనే ఉండేవాణ్ణి. మినహాయింపు అడిగినవాళ్లను తప్పుపట్టే ముందు ఆ 20 డాలర్లను తప్పుపట్టండి.

ఫ్రీమాంట్ అమ్మ (కాలిఫోర్నియా)

తప్పుకోవడం, వెళ్లడం రెండే కాదు, వాయిదా కూడా ఉంది. పాప మూడు నెలలది ఉన్నప్పుడు నాకు పిలుపు వచ్చింది. చనుబాలిచ్చే తల్లి ఏడాది దాకా వాయిదా అడగవచ్చు, కోర్టుకు వెళ్లి చెప్పుకోనక్కరలేదు. అడిగాను, తర్వాతి ఏడాది వెళ్లివచ్చాను. టెక్సస్‌లో కూడా ఒకసారి ఆరు నెలల లోపు వేరే తేదీ అడగవచ్చు కదా?

రాత్రి డ్యూటీ (రాలీ, నార్త్ కరోలినా)

అడగవచ్చు. కానీ మీ పాప ఏడాదికి పెద్దదవుతుంది. ఆ అత్తగారి జబ్బు ఆరు నెలలకు ముదురుతుందే తప్ప తగ్గదు. నేను నర్సును, మా వార్డులో ఇలాంటి పెద్దవాళ్లను రోజూ చూస్తాను. వాయిదా ఆమెకు పనికొచ్చేది కాదు.

ఆస్టిన్ అక్షరంగారి మాటతో కూడా నాకు పేచీ ఉంది. సంరక్షణ అంటే కుర్చీలో ఎవరో ఒకరు కూర్చోవడం కాదు. ఆ నాలుగు గంటల బస్సు సంగతి, చిక్కుడుకాయల సంగతి తెలిసిన మనిషి ఒక్కరే ఉన్నారు ఆ ఇంట్లో. తెలియనివాళ్లు "బస్సు లేదు, గిస్సు లేదు, కూర్చో" అన్నారనుకోండి, ఆ రాత్రంతా ఆ పెద్దామె నిద్రపోదు. మినహాయింపు కోడలి సుఖం కోసం పెట్టింది కాదు. మంచం మీద ఉన్న మనిషి కోసం పెట్టింది. దాన్ని వాడుకోవడానికి సిగ్గెందుకు?

ఆస్టిన్ అక్షరం (ఆస్టిన్)

ఆ ఒక్కరికే ఎందుకు తెలుసు అన్నదే కదండీ నేను అడిగింది.

పాత పౌరుడు (హ్యూస్టన్)

రెండో షిఫ్టుగారూ, మీ మాట ఒప్పుకుంటున్నాను. మా వరుసలో దినకూలి అని చేయి ఎత్తినవాణ్ణి ఆ రోజు మనసులో తేలిగ్గా చూశాను. అలా చూసి ఉండకూడదు. ఇంగ్లీషు రాదని అబద్ధం రాసేవాళ్ల విషయంలో మాత్రం నా మాట మారదు.

కృష్ణాతీరం (ఫ్రిస్కో, టెక్సస్)

వారం తర్వాత రాస్తున్నాను. ఆస్టిన్ చెల్లీ, నీ మాటకు ముందు కోపం వచ్చింది. మా ఇంటి సంగతి నీకేం తెలుసనుకున్నాను. రెండు రోజులు తిరిగాక కోపం నా మీదికే మళ్లింది. మా వారిని నేనెప్పుడూ అడగలేదు. ఆయనకు చేతకాదని నేనే తేల్చేశాను.

నిన్న శనివారం ఒక రోజు నడిపి చూశాం. పొద్దున ఎనిమిదికి నేను లైబ్రరీకి వెళ్లిపోయాను, ఫోను చేయకూడదని ఒట్టు పెట్టుకుని. మధ్యాహ్నం అత్తగారు అన్నం ముట్టలేదట, "అమ్మాయి వచ్చాక తింటాను" అన్నారట. నాలుగింటికి సంచీ తీసుకుని తలుపు దగ్గరికి వచ్చారు. మా వారు "బస్సు ఇంకా రాలేదమ్మా" అన్నారు. ఆవిడ ఆయన్ను ఎగాదిగా చూసి "నువ్వెవరు బాబూ? నువ్వూ బందరుకేనా?" అని అడిగారట. ఆయన "అవునండీ" అని పక్కనే మెట్టు మీద కూర్చున్నారు. నేను ఇంటికి చేరేసరికి ఇద్దరూ అక్కడే ఉన్నారు, మధ్యలో చిక్కుడుకాయల గిన్నె. ఆయన కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల్లి తనను అలా అడగడం ఆయనకు అదే మొదటిసారి. నన్ను అడగడం మొదలై ఏడాది దాటింది.

రాత్రి డ్యూటీగారూ, మీరన్నదీ నిజమే, ఆవిడ ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. అందుకని ఇలా అనుకున్నాం. మినహాయింపు గడి ఖాళీగా వదిలేశాను. ఆ రోజుకు మా వారు సెలవు పెట్టారు. మొదటి రోజు వెళ్తాను. విచారణ చాలా రోజులు సాగేదని తెలిస్తే జడ్జి అడిగినప్పుడు చేయి ఎత్తి, ఇంట్లో ఇలా ఉందని ఉన్నదున్నట్లు చెబుతాను. ఉంచుకుంటారో పంపేస్తారో వాళ్లిష్టం. ముందురోజు రాత్రి మజ్జిగన్నం నేనే కలిపి, "అమ్మాయి పెట్టి వెళ్లింది" అని చెప్పి తినిపించమన్నాను.

ఈ వారం ఇండియన్ దుకాణంలో చిక్కుడుకాయలు లేవు. గోరుచిక్కుడు తెచ్చి పెట్టాను, ఈనెలు వీటికీ ఉంటాయి కదా.