ఇంట్లో చేసుకునే స్ట్రెంగ్త్ ట్రైనింగ్ వీడియోల్లో ఏది నమ్మాలి?

చిన్నచౌక్ కడప: పొద్దున్నుంచి యూట్యూబ్‌లో వెతుకుతానే ఉన్నా. ఇంట్లో చేసుకునే స్ట్రెంగ్త్ ట్రైనింగ్ వీడియో సరైనది ఒక్కటీ దొరకలేదు. ఒకదాంట్లో మొదటి నిమిషం నుంచే ఎగురుడు, ఇంకోదాంట్లో వరసగా పేర్చిన డంబెల్స్. ఒకాయన రోజూ చేయమంటాడు, ఇంకొకాయన వారానికి రెండ్రోజులు చాలంటాడు. ఎవరి మాట వినాలి? మంచి ఛానెల్ చెప్పండి, రేపే మొదలుపెట్టాలి.

సాయినగర్ అనంత: వయసెంత? ఇంట్లో ఏమేం ఉన్నాయి? మోకాళ్లు బాగున్నాయా?

కర్నూలు పహిల్వాన్: వీడియోలెందుకన్నా? మన తాలింఖానాల్లో, అంటే పాతకాలపు కసరత్తు శాలల్లో, దండీలు, బస్కీలు తీసి పెరిగినోళ్లు ఏ వీడియో చూశారు? దండీ తీస్తే ఛాతీ, భుజాలు, చేతుల వెనక కండ అన్నీ పనిచేస్తాయి. బస్కీలతో తొడలు గట్టిపడతాయి. లాగే పని ఒక్కటే వాటిలో ఉండదు, వీపుకి అది కావాలి. దూలానికో కమ్మీకో వేలాడితే సరి.

సంగటి ప్రియ: తిండి సంగతి ఎవరూ ఎత్తరేం? దేశంలో వైద్య పరిశోధన చూసే ఐసీఎంఆర్, దాని పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. 60 కిలోల మనిషికి దాదాపు 50 గ్రాములు. మన ఇళ్లల్లో పూటకో ముద్ద సంగటి, పల్చటి పులుసు, అంతే. వంద గ్రాముల ఉలవల్లో 20 గ్రాములకు పైనే ప్రొటీన్ ఉంటుంది, చెనిక్కాయ విత్తనాల్లోనూ అంతే. గుగ్గిళ్లు చేసుకోండి, సంగట్లోకి ఊరిబిండి (చెనిక్కాయల చట్నీ) కాస్త ఎక్కువే వేసుకోండి. ఆడవాళ్లు అందరికీ వడ్డించి మిగిలింది తింటే కండ ఎక్కడి నుంచి వస్తుంది?

చిన్నచౌక్ కడప: అందరూ వేరేవి చెప్తున్నారు. మా అమ్మకి కావాలండీ. 58 ఏళ్లు, బీపీ మాత్ర వేసుకుంటుంది, మెట్లు దిగేటప్పుడు కుడి మోకాలు నొప్పి. డంబెల్స్ లేవు.

సాయినగర్ అనంత: ఇది మొదటే చెప్పాల్సింది. దండీలు, బస్కీలు పక్కన పెట్టండి. బీపీ అదుపులో ఉందో లేదో డాక్టరుకి చూపించి, మోకాలి సంగతి కూడా అడిగాకే మొదలుపెట్టండి.

ఛానెల్ పేరు కంటే వీడియోలో ఏముందో చూడండి. ఆగకుండా ఒక వరసలో చేసేది ఒక సెట్టు. సెట్టుకీ సెట్టుకీ మధ్య ఒక నిమిషమైనా ఆగాలి. ఆగకుండా ఆయాసం తెప్పించేది ఏ పేరు పెట్టుకున్నా కార్డియోనే, అంటే గుండెకి, ఊపిరికి పని చెప్పే వ్యాయామం. చేసే మనిషి పక్క నుంచి కనపడాలి, నడుము ఎలా ఉందో తెలియాలి. కష్టమైనదానికి తేలిక పద్ధతి కూడా చూపించాలి. ‘పది రోజుల్లో పొట్ట మాయం’ అనే వాటిని తెరవనే వద్దు.

అమ్మకైతే గోడకి ఆనించిన కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ మీద చేతులు పెట్టి పుషప్, రబ్బరు బ్యాండ్‌తో వెనక్కి లాగడం చాలు. లీటరు నీళ్ల సీసా కిలో బరువు, డంబెల్‌కి బదులు అదే. బరువు ఎత్తేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే బీపీ ఒక్కసారిగా పైకి పోతుంది, అందుకే ఇది మరీ మరీ చెప్తున్నా. వారానికి కనీసం రెండ్రోజులు అని డబ్ల్యూహెచ్‌ఓ 2020లో చెప్పింది. మధ్యలో ఒక రోజు వదిలితే మంచిది.

కర్నూలు పహిల్వాన్: కుర్చీలోంచి లేస్తే అది స్ట్రెంగ్త్ ట్రైనింగా? ఫిజియోథెరపీ అనండి.

సాయినగర్ అనంత: కండ మీద భారం పడాలి, ఆ భారం మెల్లగా పెరగాలి. అదే స్ట్రెంగ్త్ ట్రైనింగ్. పన్నెండు సార్లు తేలిగ్గా లేస్తే సీసా పట్టుకుని లేవాలి. ఎవరి మొదలు వాళ్లది.

కర్నూలు పహిల్వాన్: భారం పెంచితే ఒప్పుకుంటా. చాలామంది ఏడాదంతా ఒకే సీసాతో ఆగిపోతారు, నా బాధ అదీ.

సంగటి ప్రియ: ఆమె పొద్దున ఏం తింటుందో ఇంకా చెప్పలేదు.

చిన్నచౌక్ కడప: ఇడ్లీ. థ్యాంక్సండీ, సోమవారం డాక్టరు దగ్గరికి పోతాం.

ఎర్రముక్కపల్లి: రబ్బరు బ్యాండ్ కడపలో ఏ షాపులో దొరుకుతుంది? మా నాయనకి భుజం పట్టేసింది, ఆయన వాడొచ్చా?