అప్‌డేట్: గరుసు నేలలో చివరికి కానుగే పెట్టాం

అనంతపురం జిల్లాలో, వేరుశనగ కూడా సరిగా రాని మా గరుసు చేనులో బయోడీజిల్ (గింజల నూనెతో చేసే ఇంధనం) కోసం జట్రోఫా, అంటే అడవి ఆముదం, వేయొచ్చా అని ఇంతకుముందు అడిగాను. సలహా ఇచ్చిన అందరికీ థ్యాంక్స్. నాన్నతో మాట్లాడి కానుగ పెట్టాం.

2003లో ప్రణాళికా సంఘం కమిటీ జట్రోఫాను బంజరు భూములకు సిఫారసు చేసినప్పుడు చాలామంది ఆశపడ్డారు. మొక్క బతకడం వేరు, కాయడం వేరు. నీటి తడి లేకపోతే జట్రోఫా బతుకుతుంది గానీ దిగుబడి రాదు. పైగా గింజ విషం, కొనేవాళ్లు లేకపోతే తినడానికీ పశువులకు పెట్టడానికీ పనికిరాదు. కానుగ గింజలో దాదాపు మూడో వంతు నూనె, మిగిలిన చెక్క పొలానికి మంచి ఎరువు. అమ్ముడుపోకపోయినా నష్టం లేదు.

మొన్న వానకు ఒరిగిన మొక్కను తీసి చూశాను. వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు, గోటితో చిదిమితే లోపల ఎర్రగా ఉన్నాయి. అంటే వేళ్ల బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇవ్వడం మొదలైంది! ఆ నేలలో అది చూసి ఎంత సంతోషమేసిందో.

కాపుకు ఏళ్లు పడుతుంది కాబట్టి సాళ్ల మధ్య ఉలవ చల్లాం. పంట పండే భూమిని మాత్రం ఇలాంటి బయోడీజిల్ చెట్లకు ఇవ్వొద్దని నా గట్టి అభిప్రాయం. అంటు కానుగ పెంచినవాళ్లు ఉంటే, ఎన్నో ఏట కాపు మొదలైందో చెప్పండి.