నాన్నని కేర్ హోమ్‌లో చేర్చాలా, ఇంట్లోనే మనిషిని పెట్టాలా?

ప్రశ్న:
నాన్నకి 78. స్ట్రోక్ వచ్చి నాలుగు నెలలైంది, కుడి పక్క పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది కానీ అన్నీ అర్థమవుతాయి. ఆయన్ని లేపీ లేపీ అమ్మకి నడుం పట్టేసింది. ఏజెన్సీ నుంచి అటెండెంట్‌ని పెట్టుకుంటే నెలలో ముగ్గురు మారారు, వచ్చిన ప్రతివాళ్ళకీ మళ్ళీ మొదట్నుంచి చెప్పుకోవడమే. రెండు హోమ్‌లు చూసొచ్చా, రెండూ నీట్‌గానే ఉన్నాయి, ఇంకేం చూడాలో తెలియట్లేదు. ఈలోగా ఒక బంధువు "కన్నతండ్రిని వదిలించుకుంటున్నావా" అనేశారు.

రిప్లై 1:
ఆ మాట పట్టించుకోకండి, అన్నవాళ్ళని ఒక్క రాత్రి వచ్చి డైపర్ మార్చమనండి చాలు. రిసెప్షన్ చూసి మోసపోవద్దు. చెప్పకుండా సాయంత్రం పూట వెళ్ళి, మంచం దిగలేనివాళ్ళ గది చూపించమనండి. మా అత్తయ్యని చేర్చినచోట కాలింగ్ బెల్ ఉంది, కానీ దాని వైరు మంచం తలవైపు కమ్మీకి చుట్టేశారు, ఆవిడ చెయ్యి అందదు. టేబుల్ మీద గ్లాసు నిండా నీళ్ళు, ఆవిడ పెదాలు మాత్రం ఎండిపోయి. వారం దాకా నేనూ గమనించలా.

రిప్లై 2:
నేను నర్సుని. రాత్రి డ్యూటీలో ఎంతమందికి ఎంతమంది ఉంటారో అడగండి, పగటి లెక్క చెప్తే ఒప్పుకోవద్దు. కదల్లేనివాళ్ళని మామూలుగా రెండు గంటలకోసారి పక్కకి తిప్పుతాం, లేకపోతే నడుం కింద, మడమల దగ్గర పుండ్లు పడతాయి, లోతుగా పడితే మానడానికి నెలలు పడుతుంది. తిప్పిన టైము రాసే షీట్ అడగండి. 24 గంటలూ ఒకే పెన్ను, ఒకే చేతిరాత కనిపిస్తే మీకే తెలిసిపోతుంది. మింగడం ఎలా ఉందో కూడా పరీక్ష చేయించండి, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావచ్చు. ఫిజియోథెరపీ మాత్రం ఎక్కడున్నా ఆపొద్దు.

రిప్లై 3:
అగ్రిమెంట్ పూర్తిగా చదవండి, మధ్యలో హాస్పిటల్లో చేరిస్తే ఆ రోజులకీ కట్టాలా, ముందే తీసుకొచ్చేస్తే డిపాజిట్ ఇస్తారా అని. వీలుంటే ముందు రెండు వారాలు ట్రయల్‌గా ఉంచండి. అన్నట్టు ఆయనకి అన్నీ అర్థమవుతాయన్నారు కదా, మరి ఆయన్ని అడిగారా?

ప్రశ్న అడిగినవారు:
లేదండీ, అడగాలన్న ఆలోచనే రాలేదు, సిగ్గుగా ఉంది. ఇవాళ అడిగా. చాలాసేపు ఏం మాట్లాడలేదు, తర్వాత ఎడమ చేత్తో అమ్మ నడుం వైపు చూపించారు. రెండు వారాలకి సరేనన్నారు. బెల్ మాత్రం దగ్గరుండి ఎడమ వైపే పెట్టిస్తా.